వదిన సంతకం ఉన్న పది డాలర్ల నోటు

ప్లమ్ ఫోర్క్, నెబ్రాస్కా
1973 మార్చి 11

బ్లాంకా వదినగారికి,

ఎమిల్ రాసేది. నేను బాగున్నాను. మోకాలు బాగాలేదు. ఇక్కడ మంచు ఇంకా పూర్తిగా పోలేదు.

మీకో సంగతి చెప్పాలి. మన ఊరి నోటు దొరికింది.

లింకన్‌లో పాత నాణేల వాళ్ళూ నోట్ల వాళ్ళూ ఏడాదికోసారి ఒక హోటల్లో బల్లలు వేసుకుని కూర్చుంటారు. నిన్న వెళ్ళాను. అక్కడ టీటర్ అని నాకు పాత పరిచయం ఉన్న వ్యాపారి ఉన్నాడు. నన్ను చూసి పెట్టె అడుగునుంచి ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. పది డాలర్ల నోటు. వెనకటి పెద్ద సైజుది. మధ్యలో ప్లమ్ ఫోర్క్ ఫస్ట్ నేషనల్ బ్యాంకు అని ఉంది. కుర్చీ అడిగి కూర్చున్నాను.

ఆ కాలంలో మన కౌంటీలో సొంత పేరుతో నోట్లు ఇచ్చిన బ్యాంకులు పదకొండు. పదింటివి నేను సంపాదించాను. మనదే లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు వెతికాను. ఒక్కటి కూడా మిగల్లేదని నోట్ల వాళ్ళంతా అనేవారు. ఇది కాన్సస్‌లో ఎవరిదో కుట్టుమిషను సొరుగులో దొరికిందట.

ఎడమవైపు కింద కేషియరు సంతకం మీది. కలంతో చేసింది. రబ్బరు ముద్ర కాదు.

ఆగస్టులో ఊరికి నూరేళ్ళ పండగ చేస్తున్నారు. లైబ్రరీలో నాకొక అద్దాల పెట్టె ఇస్తామన్నారు. ఈ నోటు పెట్టి, కేషియరు బ్లాంకా వోండ్రా అని చీటీ రాసి పక్కన పెడతాను. మీకు అభ్యంతరం లేదు గదా.

ఉంటాను,
ఎమిల్


స్పొకేన్, వాషింగ్టన్
1973 మార్చి 19

ఏమయ్యా ఎమిల్,

నీ ఉత్తరం చూసి ముందు హడలిపోయాను. క్రిస్మస్ కార్డు మీద పేరు రాయడానికి తప్ప కలం ముట్టని మనిషి మార్చి నెలలో ఇంత రాశాడంటే ఎవరో పోయి ఉంటారనుకున్నాను. కూర్చుని మరీ విప్పాను. తీరా చూస్తే పది డాలర్ల నోటు! డెబ్భై ఒకటో ఏట పెళ్ళి చేసుకుంటున్నానని రాసినా ఇంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

మోకాలికి బాతు కొవ్వు రాసి ఉన్ని గుడ్డ చుట్టు. అత్తయ్య అదే చేసేది. డాక్టరు నవ్వితే నవ్వనీ. మా పైవాటా ఆవిడ మళ్ళీ అకార్డియన్ మొదలుపెట్టింది. వచ్చింది ఒక్కటే పాట, అదీ సగమే. మిగతా సగం ఎప్పుడు నేర్చుకుంటుందా అని ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాను.

ఆ నోట్లు నాకు గుర్తులేకేం. వాషింగ్టన్ నుంచి రిజిస్టరు పోస్టులో వచ్చేవి, మన బ్యాంకు పేరు అచ్చువేసి, కాగితానికి నాలుగేసి, కత్తిరించకుండా. కుడివైపు బ్యాంకు ప్రెసిడెంటు స్ట్రాథర్, ఎడమవైపు నేను. ఆయన కోడి గీకినట్టు గీకేసి వేటకు పోయేవాడు. నేను మాత్రం ఒక్కోదానికీ ఊపిరి బిగబట్టి సంతకం చేసేదాన్ని. సిరా ఆరేదాకా బల్లలన్నిటి మీదా పరిచేదాన్ని, ఆదివారం నూడుల్స్ ఆరబెట్టినట్టు. మీ అన్న ఫ్రాంక్ భోజనానికి పిలవడానికి వచ్చి, "ఇంట్లో ఇదే, ఇక్కడా ఇదే, నాకు కూర్చోడానికి బల్లే లేదు" అనేవాడు. ఆరాక బట్టల కత్తెరతో కత్తిరించాలి. ఒక్కటీ తిన్నగా వచ్చేది కాదు.

సరే, అసలు మాట. నోటు పెట్టుకో. నా పేరు మాత్రం పెట్టకు.

1931 నవంబరు నీకు తెలుసు. బ్యాంకు మూతపడిన రోజున స్ట్రాథర్ వెనక తలుపునుంచి పోయాడు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా మెట్లమీద నిలబడి, వచ్చినవాళ్ళందరికీ మీ డబ్బు పోయిందని చెప్పింది నేను. ఆ మొహాలు ఇప్పటికీ కనపడతాయి. తిల్లీ ప్రోకాప్ నావంక చూసి, ఒక్క మాట అనకుండా గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. తిల్లీ! నా పెళ్ళికి తల దువ్విన మనిషి! ఫిబ్రవరిలో మేం ఊరు విడిచి రైలెక్కితే స్టేషనుకు ఒక్క పురుగు రాలేదు. నువ్వూ రాలేదు. నేనేం అనటం లేదు. నలభై రెండేళ్ళయ్యాక ఆ పేరును గాజుపెట్టెలో పెట్టి, ఇదిగో ఈవిడే అని మళ్ళీ చూపించడం ఎందుకు, చెప్పు?

బాతు కొవ్వు మర్చిపోకు.

మీ వదిన
బ్లాంకా


ప్లమ్ ఫోర్క్
ఏప్రిల్ 2

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. బాతు కొవ్వు దొరకలేదు. పంది కొవ్వు రాశాను. కుక్క నన్ను వదలటం లేదు.

పేరు లేకుండా పెట్టను. మీరు వద్దంటే అసలు పెట్టనే పెట్టను. నోటు ఇందులో పంపుతున్నాను. మీ దగ్గర ఉంచుకుని చూడండి. తర్వాత మీ ఇష్టం.

నా అద్దం కూడా పెట్టాను. ఎలివేటర్ గిడ్డంగిలో ధాన్యం కాటా దగ్గర పనిచేసినప్పుడు గోధుమగింజలు చూసిన అద్దమే. దాంతో చూడండి. కాగితంలో సన్నటి పట్టుపోగులు కనిపిస్తాయి. అంచు చుట్టూ గీతల అల్లిక ఉంది. ఒక గీత ఇంకోదాన్ని దాటుకుంటూ పోతుంది, ఎక్కడా తెగదు. ఉక్కు పలకమీద దాన్ని చెక్కినవాడెవడో, ఆ చేతికి దండం పెట్టాలి. నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు.

నోట్ల వాళ్ళు ముందు మడతలు లెక్కపెడతారు. దీనికి మూడు ఉన్నాయి. పైన ఒక సూదిబెజ్జం. ఎవరో లోపలి బట్టకు గుచ్చుకుని తిరిగారు. కింది అంచు వంకరగా ఉంది. వంకరేమిటని టీటర్ కూడా అన్నాడు. మీ ఉత్తరం చదివాక ఆ వంకర ఎలా వచ్చిందో నాకు తెలిసింది. ఇప్పుడు అదే నాకు అన్నిటికంటే బాగుంది.

లోపం ఒక్కటే. మీ సంతకం వెలిసింది. సిరా గోధుమరంగుకు తిరిగింది. ఇప్పుడు నాలుగు వందల డాలర్లు చేస్తుంది. సంతకం ముదురుగా ఉంటే రెండింతలు చేసేదని టీటర్ అన్నాడు.

ఉంటాను,
ఎమిల్


స్పొకేన్
ఏప్రిల్ 14

ఎమిల్,

కోపం వస్తే కోపం వచ్చిందని రాయవయ్యా. "పెట్టనే పెట్టను" అని నాలుగు మాటలు విసిరి, సామాను కూడా నా మొహాన పంపేస్తావా? మీ అన్నా ఇంతే. అలిగితే చెప్పేవాడు కాదు, నా ఊలు దారాలన్నీ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళి పడుకునేవాడు.

పోస్టుమాను సంతకం పెట్టమంటే పెట్టి తీసుకున్నాను. కవరు విప్పలేదు. విప్పను కూడా.

బ్లాంకా

పంది కొవ్వు ఎవరు రాయమన్నారు నిన్ను? బాతు కొవ్వంటే బాతు కొవ్వే.


ప్లమ్ ఫోర్క్
ఏప్రిల్ 21

వదినగారికి,

నాకు కోపం రాలేదు. మీరు చూస్తే బాగుంటుందని పంపాను. అంతే.

వానలు పడుతున్నాయి. రోడ్లు బురద.

ఎమిల్


స్పొకేన్
మే 14

ప్రియమైన మరిదికి,

విప్పాను. ఏప్రిల్ ఇరవై అయిదున విప్పాను. నీ ఉత్తరంలో రెండు వాక్యాలు చదివి నవ్వొచ్చింది, నవ్వొచ్చాక పంతం నిలవలేదు.

మొదటి వారం దాన్ని బోర్లా పెట్టాను. రెండోవారం వంటగదిలో రొట్టెల డబ్బాకు ఆనించి నిలబెట్టాను. కాఫీ తాగుతూ అదీ నేనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నీ అద్దం పెట్టి చూశాను. ఎమిల్, ఈ పిల్ల ఎవరో గాని ఎంత బాగా రాసింది! ఆ "బి" చూశావా? పైన చిన్న ముడి వేసి, కింద మెత్తగా తిప్పి, చివర ఎక్కడా తడబడకుండా. పక్కన స్ట్రాథర్ సంతకం చూడు, తేలు పాకినట్టుంది. అప్పట్లో ఆయన నన్ను, "అమ్మాయీ, ఇవి ప్రేమలేఖలు కావు, త్వరగా కానీ" అనేవాడు. నేను వినేదాన్ని కాదు. నోటు పట్టుకున్నవాడు చదివితే ఫలానా మనిషి పూచీ పడిందని తెలియాలి గదా అనుకునేదాన్ని.

నువ్వన్నది నిజమే, బాగా వెలిసిపోయింది. కేషియరు సంతకం కనపడని నోటు నోటేనా? బ్యాంకులో నాకు నేర్పిన మొదటి పాఠం అది. అందుకని మంచి నల్ల సిరా కొనుక్కొచ్చాను. పాత క్యాలెండరు కాగితాల వెనక ముప్పైసార్లు రాసి చూసుకున్నాను. నిన్న చర్చి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, పైవాటా ఆవిడ అకార్డియన్ ఆపేదాకా కాచుకుని, ఊపిరి బిగబట్టి, ఆ పిల్ల గీత మీదే నా గీత నడిపించాను. డెబ్భై నాలుగేళ్ళ చెయ్యి ఒక్కసారి వణికితే ఒట్టు!

నోటు ఇందులో తిరిగి పంపుతున్నాను. ఇప్పుడు గది అవతలినుంచి కూడా చదవచ్చు. నీకు రెండింతలు విలువ. నా పేరు పెట్టు. పెట్టేదేదో అందరికీ కనపడేలా పెట్టు. తిట్టేవాళ్ళు చదివి తిడతారు, దాక్కుని ఎన్నాళ్ళుంటాను?

నీ వదిన,
కేషియరు


ప్లమ్ ఫోర్క్
మే 22

వదినగారికి,

నోటు చేరింది. సిరా మంచిది. సంతోషం.

మొక్కజొన్న బాగా మొలిచింది. మోకాలు తగ్గింది.

ఎమిల్


స్పొకేన్
జూన్ 4

ఎమిల్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లు చదవడానికి పెద్ద టైమేం పట్టలేదు. అంచు వంకర గురించి అంత రాసినవాడివి, సంతకం గురించి "సిరా మంచిది" అంటావా? సిరా సంగతి నాకు తెలీదూ, ఎనభై సెంట్లు పెట్టి కొన్నాను! నీ "సంతోషం" అన్నమాట దంతాల డాక్టరు కుర్చీలోంచి రాసినట్టుంది.

నోటు పెట్టి పంపిన అట్టమీద టీటర్ గారి చిరునామా అచ్చయి ఉంది. నువ్వెలాగూ చెప్పవు, ఆయనకే రాశాను. ఇప్పుడెంత చేస్తుందో చెప్పమని. ఎనిమిది వందలకు సెంటు తగ్గినా ఊరుకోనని కూడా రాశాను.

బ్లాంకా


స్పొకేన్
జూన్ 27

ఎమిల్,

టీటర్ జవాబిచ్చాడు. ఆయన రాసింది రాసినట్టు కింద ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, మీరు మంచి మనసుతో చేశారని నాకు తెలుసు. కాని మా లోకంలో పాత నోటు మురికిగా ఉంటే మురికిగానే ఉండనిస్తాం. ఉతకం, ఇస్త్రీ చెయ్యం, చిరిగితే అతకం. పాత సంతకం మీద కొత్త సిరా పడిందంటే ఆ నోటు పని అయిపోయినట్టే. ముప్పై డాలర్లకు ఎవరైనా అడిగితే ఇచ్చేయమంటాను. మీ మరిది గారు దీనికోసం డబ్బు ఇవ్వలేదు. తన దగ్గరున్న పది ఊళ్ళ నోట్లలో ఆరు ఇచ్చేశారు. ఆయన వాటిని ఒక్కొక్కటే అట్టలోంచి తీసి ఇస్తుంటే నేనే ఆగమన్నాను. ఆగలేదు."

ఆరు నోట్లు! ముప్పై ఎనిమిదేళ్ళు కూడబెట్టినవి ఆరు ఇచ్చి తెచ్చుకున్నదాన్ని నేను వంటగది బల్లమీద తగలేశాను. పైగా ముప్పైసార్లు ప్రాక్టీసు చేసి మరీ!

ఎందుకు తిట్టలేదయ్యా నన్ను? ఇంకెవరైనా అయితే ఫోను చేసి అరిచి ఉండేవాళ్ళు. "సిరా మంచిది" అట! బ్యాంకులో ఉన్నప్పుడు ఊరివాళ్ళ డబ్బు పోవడం చూశాను, ఇప్పుడు నీదీ నా చేత్తోనే పోయింది. నా చెయ్యి పడితే అంతేనేమో.

నాలుగు వందలకు చెక్కు ఇందులో పెట్టాను. మార్చుకో. ఆ నోటు ఎవరికీ చూపించకు. నా పేరు అసలే పెట్టకు.

బ్లాంకా


ప్లమ్ ఫోర్క్
జూలై 5

వదినగారికి,

చెక్కు తిరిగి పంపుతున్నాను.

నోటు నాది. సంతకం మీది. మే నెలలో మీరు పేరు పెట్టమన్నారు. ఆ మాటే నేను పట్టుకున్నాను. పెడతాను.

తప్పు నాది. సంతకం ముదురుగా ఉంటే విలువ ఎక్కువని రాశాను. ముట్టుకోవద్దని రాయలేదు. నోట్ల వాళ్ళందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. నేను ఏదైనా చెప్పకుండా వదిలేస్తే ఇలాగే అవుతుంది.

గోధుమ కోతలు అయ్యాయి. ఈసారి గింజ బరువుగా ఉంది.

ఎమిల్


ప్లమ్ ఫోర్క్
ఆగస్టు 6

వదినగారికి,

మీరు నా ఉత్తరానికి జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను. ఇది పెద్ద ఉత్తరం. నిన్న మొదలుపెట్టాను.

శనివారం పండగ జరిగింది. బ్యాండు వచ్చింది. నాలుగు వందలమంది ఉంటారు. లైబ్రరీలో కిటికీ పక్కన నాకు పెట్టె ఇచ్చారు. నా దగ్గర మిగిలిన నాలుగు ఊళ్ళ నోట్లు పక్కల్లో పెట్టాను. మధ్యలో మనది. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాశాను: "కేషియరు, బ్లాంకా వోండ్రా. రెండుసార్లు సంతకం చేసినది, 1926లోనూ, 1973లోనూ." తర్వాత ఎవరైనా ఏమైనా అంటారని భయమేసి పుస్తకాల అలమార వెనక నిలబడ్డాను.

టీటర్ లింకన్ నుంచి వచ్చాడు. వంగి అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. లేచి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఎమిల్, రెండు సిరాలు, ఒకటే చెయ్యి. దాదాపు యాభై ఏళ్ళ తేడా ఉన్నా గీత పక్కకు పోలేదు. నా జన్మలో ఇలాంటిది చూళ్ళేదు" అన్నాడు.

"ఎంత చేస్తుంది?" అన్నాను.

"ముప్పయ్యే. ధర ధరే. కాని నాకు అమ్ముతావా?"

"అమ్మను."

"అమ్మవని తెలిసే అడిగాలే" అన్నాడు.

తర్వాత తిల్లీ ప్రోకాప్ వచ్చింది. ఎనభై దాటాయి, కర్రపట్టుకుని వచ్చింది. చీటీ చదివింది. నోటు చూసింది. కర్రతో పెట్టె కాలుమీద కొట్టింది.

"ఒరేయ్ ఎమిల్! ఎక్కడ నక్కావు, ఇలా రా. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా?"

"దాచలేదు తిల్లీ అక్కా. ముప్పై ఎనిమిదేళ్ళు వెతికాను. ఒక్కటీ దొరకలేదు."

"ఎలా దొరుకుద్దిరా పిచ్చి సన్నాసీ? అన్నీ ఖర్చుపెట్టేశాంగా. బ్లాంకా చెప్పింది గదా!"

"ఏం చెప్పింది?"

"అదేంటి, ఆరోజు నువ్వక్కడ లేవూ?"

"ఎలివేటర్ దగ్గరున్నాను. వదిన కనపడింది. మాట వినపడలేదు."

అప్పుడు చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను.

"ఒమాహా నుంచి ఒకడొచ్చాడురా, కారేసుకుని. బూడిదరంగు టోపీ. బ్యాంకు ముందు వరసలో ఉన్నాళ్ళ దగ్గరికొచ్చి, మీ బ్యాంకు చచ్చింది, దాని పేరున్న నోట్లు చిత్తుకాగితాలు, పదికి నాలుగిస్తా, రేపటికి అదీ ఇవ్వను అంటన్నాడు. నిజమేగా అనుకున్నాం. నా దగ్గర మూడున్నాయి, లంగాకి గుచ్చుకున్నా. ఇచ్చేసేదాన్నే. అప్పుడు బ్లాంకా మెట్లమీంచి అరిచింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు. 'లోపల దాచుకున్న డబ్బు సంగతి నేను చెప్పలేను, అబద్ధమాడను. మీ చేతిలో ఉన్న నోటు మాత్రం చెల్లుద్ది. బ్యాంకు పోయినా దానికి వాషింగ్టన్‌లో పూచీ ఉంది. దానిమీద నా పేరుంది. ఎవడికీ తక్కువకి ఇవ్వకండి, దాచుకుని భయపడకండి, వెళ్ళి పిండీ బొగ్గూ కొనుక్కోండి' అంది. వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది, పొద్దుగూకేదాకా. ఆ టోపీవాడు మధ్యాహ్నానికే పోయాడు, ఒక్క నోటు దొరికితే ఒట్టు."

నేను అడిగాను. "మరి ఆరోజు వదినతో మాట్లాడకుండా తిరిగిపోయావట?"

"మాటాడ్డానికి టైమేదిరా? తిన్నగా పక్కూరు కొట్టుకి పోయా. ఆ మూడు నోట్లూ కొట్టువాడు వెలుతురుకి పైకెత్తి చూసి పుచ్చుకున్నాడు. ఆ చలికాలం మా అయిదుగురు పిల్లలూ దాంతోనే గట్టెక్కారు."

"స్టేషనుకి ఎవరూ రాలేదు."

తిల్లీ చేతిరుమాలు తీసింది.

"అందరి డబ్బూ పోయిందని ఆ పిల్ల కుమిలిపోతంది, మనం వరసగా పోయి మొహాలు చూపిస్తే ఇంకా కుములుద్ది, వద్దు అన్నాడు మా ఆయన. ఊరంతా అదే అనుకున్నారు. మంచికే అనుకున్నాంరా. ఏం, బ్లాంకా దానికి బాధపడిందా?"

నేను అవునన్నాను. ఆమె అద్దంమీద చెయ్యి ఆనించి అలాగే నిలబడింది. వెనక జనం ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.

వదినగారూ, ఇంటికి వచ్చి కూర్చున్నాక నాకొకటి అర్థమైంది. మిగతా పది బ్యాంకుల్లో మూడు మనకంటే చిన్నవి. వాటి నోట్లు కూడా అక్కడా ఇక్కడా దొరుకుతాయి. మన ఊరివి ఎందుకు దొరకవో నోట్ల వాళ్ళెవరికీ తెలియలేదు. తక్కువ అచ్చువేశారని కొందరు, కాలిపోయాయని కొందరు అన్నారు. అదేం కాదు. నమ్మకం లేనివాడు నోటు దాచుకుంటాడు, ఎప్పటికైనా పనికొస్తుందేమోనని. మన ఊళ్ళో ఎవరూ దాచుకోలేదు. మీ మాట నమ్మి ఆఖరి నోటుదాకా మార్చేసుకున్నారు. మూతపడ్డ బ్యాంకు నోట్లు తిరిగి వాషింగ్టన్ చేరితే అక్కడ రద్దుచేసి చించేసేవారు. నేను ఇన్నేళ్ళు వెతికి ఒక్కటీ దొరకకపోవడమే దానికి రుజువు. నోట్ల వాళ్ళు ఈ నోటును అరుదైనదంటారు, అది ఊరికే అరుదు కాలేదు, మీవల్ల అయింది.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఆరోజు నేను ఎలివేటర్ గుమ్మంలో నిలబడి మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. మీకు టోపీ లేదు. రోడ్డు దాటి వచ్చి మీ పక్కన నిలబడాలనుకున్నాను. నా కోటు ఇవ్వాలనుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక రాలేదు. స్టేషనుకూ అందుకే రాలేదు. మీకు కోపం ఉందని అన్న ఒకసారి రాశాడు. దానికీ జవాబు రాయలేదు. మనుషుల్లో మీ అంత ధైర్యం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాట అప్పుడు అనలేకపోయాను గనక, మీ పేరున్న కాగితం ఒకటైనా వెతికి ఉంచుకోవాలని మొదలుపెట్టాను. మిగతా ఊళ్ళ నోట్లు దారిలో దొరికినవి. వెతికింది మీదాన్నే.

ఆరు ఇచ్చానని మీరు బాధపడవద్దు.

పెట్టెను నెలాఖరుదాకా ఉంచుతామని లైబ్రరీవాళ్ళు అన్నారు. జనం అడుగుతున్నారట.

ఉంటాను,
మీ మరిది
ఎమిల్


స్పొకేన్
ఆగస్టు 14

ఎమిల్,

నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాయగలవని ఫ్రాంక్ బతికి ఉండగా నేను చెబితే నన్ను పిచ్చాసుపత్రిలో వేసేవాడు. నిన్న పొద్దున చదివాను. మధ్యాహ్నం చదివాను. పైవాటా ఆవిడను పిలిచి చదివి వినిపించాను. ఆవిడ ఏడ్చి, వెళ్ళి అకార్డియన్‌లో ఆ మిగతా సగం వాయించింది. వచ్చట, ఇన్నాళ్ళూ! కింద నేనున్నానని మొహమాటపడిందట.

టోపీవాడు నాకు నిజంగా గుర్తులేడు. నేనేం అరిచానో కూడా గుర్తులేదు. వాళ్ళ మొహాలే మిగిలాయి నాకు. అవి కోపమనుకున్నాను. పిండి కొనడానికి పరిగెత్తే మనిషి మొహం కూడా అలాగే ఉంటుందని తట్టలేదు.

కోటు గురించి రాశావు. అంతదూరాన ఉన్న నిన్ను నేను చూశాను ఆరోజు. గుమ్మంలో కదలకుండా నిలబడ్డ మనిషివి నువ్వొక్కడివే. మిగతావాళ్ళంతా వచ్చి వెళ్ళారు. నువ్వు చీకటిపడేదాకా వెళ్ళలేదు. అందుకే నేనూ దిగలేదు.

ఇరవై మూడు, గురువారం, మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. తిల్లీకి చెప్పు. గసగసాలు పెట్టిన కొలాచీ బన్నులు తను చేస్తే తింటాను గాని, నన్ను చూసి ఏడవబోతే మాత్రం ఊరుకోననీ చెప్పు. నువ్వు ఆ పంది కొవ్వు కడుక్కుని రా.

బస్సు దిగగానే ఇంటికి తీసుకెళ్ళకు. ముందు బ్యాంకు మెట్ల దగ్గరికి నడిపించు. కాసేపు కూర్చుంటాను. ఆరోజంతా నిలబడే ఉన్నాను.

నీ వదిన
బ్లాంకా